దేవుడింట్లో పెద్దాసనం

ఆర్లెత్ పెర్నో ఆ గురువారం పొద్దున్నే మేకల పాలు పితికి, చీజు అచ్చుల్లో పోసి, బకెట్టూ బ్రష్షూ పట్టుకుని దేవుడింటికి బయల్దేరింది. దారిలో ఎదురైన వాళ్ళంతా, “ఏం, ఆసనం కడగడానికేనా?” అని అడిగారు.

“కాక మీ మొహాలు కడగడానికా?” అంది ఆర్లెత్. ఆ రోజు ఆవిడ హుషారు అలా ఉంది.

దేవుడిల్లంటే చర్చి కాదు. తుర్నెల్ ఊరి చివర, వాగు ఒడ్డున ఉన్న పాత ఆసుపత్రి. ఏ కాలంలోనో సన్యాసులు రాతితో కట్టి, ఊళ్ళో రోగుల్నీ దారిన పోయే యాత్రికుల్నీ అందులో చేర్చుకునేవారు. కప్పు కూలిపోయి తరాలు గడిచాయి. నేలంతా గడ్డి మొలిచింది. గోడలు మాత్రం మా ఊరి మనుషుల్లాగే మొండిగా నిలబడి ఉన్నాయి. పొడవాటి హాలు, దానికి తూర్పు చివర పెద్ద కమాను, కమాను అవతల ప్రార్థనామందిరం. హాలుకి రెండు పక్కలా గోడల్లో మనిషి పట్టేంత గూళ్ళు. ఒక్కో గూట్లో ఒకప్పుడు ఒక్కో రోగి మంచం ఉండేది.

ఇప్పుడు ఆ గూళ్ళు కుటుంబాలవి. సెప్టెంబరు చివర వైద్య పునీతులు కోమ్, దమియాన్‌ల పండుగ వస్తుంది. ఆ ఆదివారం ఊరంతా దేవుడింట్లో చేరి, పెద్ద పెద్ద కళాయిల్లో వండిన సూప్ తాగుతుంది. ఎవరి గూట్లో వాళ్ళే కూర్చోవాలి. పక్కింటివాళ్ళ గూట్లో కూర్చుని చెంచా ముంచితే, వాళ్ళ మంచమెక్కి పడుకున్నంత తప్పు. ఎవరి గూడు ఎవరికి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు కానీ, గూటి కోసం మాటలు మానుకున్న అన్నదమ్ములున్నారు.

అన్ని గూళ్ళలోకీ గొప్పది పడమటి మూలనున్న పెర్నోలది. అది మిగతా వాటిలా ఊరికే గోడలోని ఖాళీ కాదు, చిన్న గది. దానికొక మలుపు తిరిగిన ప్రవేశం, సన్నటి కిటికీ, గోడలో కలిసిపోయిన రాతి ఆసనం. ఈ ఆసుపత్రిని ఏలిన మఠం పెద్ద అక్కడ కూర్చుని రోగుల మంచీచెడ్డా విచారించేవాడని చెబుతారు. అందుకే దాని పేరు పెద్దాసనం. పెర్నోల్లో అందరికంటే పెద్దవాళ్ళు పండుగనాడు ఆ ఆసనం మీద కూర్చుని, నాలుగు మాటలు చెప్పి, మొదటి గిన్నె ఎత్తాలి. అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ చెంచా ముట్టరు.

చాలా ఏళ్ళుగా ఆ గిన్నె ఎత్తింది ఆర్లెత్ తండ్రి అన్సెల్మ్. ఆయన పోయిన చలికాలంలో కాలం చేశాడు. కాబట్టి ఈ ఏడు ఆర్లెత్ వంతు. చిన్నప్పుడు తండ్రి మోకాళ్ళ మధ్య నించుని హాల్లో జనం చప్పట్లు విన్న రోజు నుంచీ ఆవిడకి ఆ గిన్నె మీద కన్నుంది. అరవై దాటాక ఇన్నాళ్ళకి చేతికందబోతోంది. నీలం గౌను కొనుక్కుంది. నాలుగు మాటలూ మేకల ముందు వల్లించుకుంది.

ఆసనం తోముతుంటే గోడ అవతల నుంచి ఫిర్మాన్ కోర్బే తల పెట్టాడు. ఊళ్ళో మాంసం కొట్టు అతనిదే. ఆర్లెత్‌తో ఒకే బళ్ళో చదివాడు. కోర్బేల గూడు పెద్దాసనానికి ఆనుకునే ఉంటుంది.

“గట్టిగా తోమవే ఆర్లెత్. ఎలాగూ ఒకనాటికి మా వాళ్ళు కూర్చునేదే.”

“కలగను. మీ వంశంలో అదేగా ఆచారం.”

ఆ దెబ్బ ఫిర్మాన్‌కి సరిగ్గా తగిలింది. పెద్దాసనం తమదేనని కోర్బేలు తరతరాలుగా వాదిస్తున్నారు. వాళ్ళ దగ్గరున్న సాక్ష్యమల్లా ఒక్కటే. ఫిర్మాన్ ముత్తాతకి కల్లో ఆ మఠం పెద్ద కనిపించి, “నేను పుట్టుకతో కోర్బేనోయ్” అని చెప్పాడట.

“కలలో చెప్పినా చెప్పిందెవరు? సాక్షాత్తూ మఠం పెద్ద!” అన్నాడు ఫిర్మాన్.

“ఆ రాత్రి మీ ముత్తాత ఎన్ని సీసాలు తాగాడో అది కూడా చెప్పాడా?”

హాలు మధ్యలో నిచ్చెన మీదున్న సోలేన్ ఈ మాటకి నవ్వింది. ఆ అమ్మాయి దిజోఁ పట్నం నుంచి వచ్చింది. గోడల్లో రాళ్ళు వదులవుతున్నాయని, పాత కట్టడాల సంగతి తెలిసినవాళ్ళని పంపమని ఊరివాళ్ళు అడిగితే ఆమెని పంపారు. వేసవంతా టేపు పట్టుకుని రాయి రాయీ కొలిచింది. మొదట్లో ఊరివాళ్ళు అనుమానంగా చూసినా, ఆర్లెత్ చీజు ఒక్కటే రెండు పూటలా తింటుందని తెలిశాక మన పిల్లే అనుకున్నారు.

“అమ్మాయ్, ఆదివారం నువ్వు ఈ మలుపు దగ్గరే నించోవాలి” అంది ఆర్లెత్. “మొదటి గిన్నె నా చేత్తో ఎత్తుతాను.”

“తప్పకుండానండీ” అంటూ సోలేన్ నిచ్చెన దిగి వచ్చింది. “ఆర్లెత్ గారూ, ఆ పలక కాస్త పక్కకి జరుపుతారా? ఈ మూలొక్కటే కొలవకుండా మిగిలిపోయింది.”

ఆసనం మధ్యలో ఒక గుండ్రటి రంధ్రం ఉంది. దాన్ని పలకరాయితో మూసి, పైన దిండు వేసుకుని కూర్చోవడం పెర్నోల అలవాటు. ఆర్లెత్ పలక ఎత్తి, బాగా పరిచయమున్న ఇల్లు చూపించే మనిషిలా చెప్పుకుపోయింది.

“చలికాలం ఇక్కడి చలి నీకు తెలీదు. కింద నిప్పుల కుంపటి పెట్టేవాళ్ళు. ఆ వేడి ఈ కన్నంలోంచి పైకొచ్చి పెద్దాయనకి వెచ్చగా తగిలేది. ఎండాకాలం కుంపటి తీసేస్తే చల్లగాలి. మా నాన్న అనేవాడు, రాజుగారికి కూడా ఇంత సుఖం లేదని.”

సోలేన్ దారానికి లైటు కట్టి రంధ్రంలోకి వదిలింది. దారం దిగుతూనే ఉంది. కింద ఎక్కడో నీళ్ళ చప్పుడయింది. ఆమె చాలాసేపు తల పైకెత్తలేదు. ఎత్తాక చెవులదాకా ఎర్రబడి ఉంది.

“కింద వాగు నీళ్ళు పారుతున్నాయి కదండీ. మరి కుంపటి ఎక్కడ పెట్టేవాళ్ళు?”

ఆర్లెత్ వంగి కన్నంలోకి చూసింది. ఇన్ని తరాల పెర్నోల్లో ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు.

“మీరు నన్ను కోప్పడకూడదు” అంది సోలేన్.

“నిన్నెందుకు కోప్పడతానే?”

“ఇది మరుగుదొడ్డండీ.”

 గోడ అవతల నుంచి ఫిర్మాన్ నవ్వు వినిపించింది. అతను కడుపు పట్టుకుని గడ్డి మీద కూలబడ్డాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, “మఠం పెద్ద! కుంపటి! రాజుగారి సుఖం!” అని మళ్ళీ మళ్ళీ అని, మళ్ళీ మళ్ళీ నవ్వాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఆ ఆసనం మాదేనని తన ముత్తాత, తాత, తండ్రి, తనూ ఊరంతా చాటింపు వేసిన సంగతి గుర్తొచ్చినట్టుంది.

లేచి ప్యాంటు దులుపుకుని, గొంతు సవరించుకున్నాడు. “ఏమైనా ఆర్లెత్, కలల్ని నమ్మకూడదు. మొదటినుంచీ అది మీదేనే. మేమే అనవసరంగా మీ మనసు కష్టపెట్టాం.”

అతను ప్లేటు ఫిరాయించడం ఆర్లెత్‌కి కోపం తెప్పించిందో, సోలేన్ మాట తెప్పించిందో ఆవిడకే తెలియదు. బ్రష్షు బకెట్లోకి విసిరికొట్టి ఇంటికి వెళ్ళిపోయింది. సాయంత్రం రొట్టెల కొట్టు మూసే వేళకి ఆ వార్త తెలియని ఇల్లు తుర్నెల్‌లో లేదు.

శనివారం సంతలో ఆర్లెత్ చీజు కొట్టు ముందు ఎన్నడూ లేనంత జనం. కొనేవాళ్ళ కంటే కూసేవాళ్ళు ఎక్కువ. ఒకాయన చీజు ముక్క వాసన చూసి, “ఇది పెద్దాసనం కింద పెట్టి మాగబెట్టిందేనా?” అన్నాడు. ఇంకొకావిడ, “ఆదివారం నీకు ప్రసంగం ఎక్కువసేపు పడుతుందా ఆర్లెత్? వెనకాల ఎవరికైనా అర్జెంటైతేనో?” అంది. ఆర్లెత్ ఒక్కొక్కళ్ళకీ తగిన జవాబు చెప్పి పంపింది. కానీ ఇద్దరి దగ్గర డబ్బులు తీసుకోవడం మర్చిపోయింది.

అప్పుడొచ్చింది ఫిర్మాన్ తల్లి హోర్తాన్స్. తొంభైకి దగ్గర పడిన మనిషి. చలికాలంలో మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక వసంతమంతా మంచానికే అంటుకుపోయింది. ఈ మధ్యే కర్ర ఊతంతో, అడుగు అడుగుకీ డాక్టర్లని తిడుతూ నడుస్తోంది. సంత మధ్య నిలబడి అందరికీ వినబడేలా ప్రకటించింది.

“అందరూ వినండర్రా! ఆ మూల మీద కోర్బేలకి ఏనాడూ ఏ హక్కూ లేదు. అది నికార్సుగా పెర్నోలదే. మా ఆయన ఏదైనా వాగుంటే ఆయన వెర్రితనం.”

“అత్తా, మొన్నటిదాకా నన్ను దొంగల సంతానం అన్నావు కదూ?” అంది ఆర్లెత్.

“అన్నానే. ఇప్పుడు నా మనసు మారింది. పెద్దదాన్ని, మారకూడదా?”

సంతంతా ఘొల్లుమంది. ఆర్లెత్‌కి కూడా నవ్వొచ్చేదే, మేయరమ్మ పక్కకి పిలవకపోయుంటే. ఆవిడ మంచి మనిషే, మెత్తగానే చెప్పింది. “ఈ ఏడు మొదటి గిన్నె ప్రార్థనామందిరం మెట్ల మీద నేను ఎత్తుతానులే ఆర్లెత్. నలుగురూ నవ్వుతుంటే నీకే ఇబ్బంది కదా.”

“ఇబ్బంది నాకా, మీకా?”

“పోనీ, అందరికీ అనుకో.”

ఆర్లెత్ కొట్టు ముందే కట్టేసి ఇంటికొచ్చింది. నీలం గౌను తీసి బీరువాలో వెనక్కి పెట్టేసింది. తండ్రి మీద జాలేసింది. పాపం, ఛాతీ విరుచుకుని, మీసం దువ్వుకుని, తన జీవితంలో గొప్పదనమంతా ఆ రాయి మీదే ఉన్నట్టు కూర్చునేవాడు. ఆయన్ని చూసి ఇప్పుడు ఊరంతా నవ్వుతోంది. తను నవ్వులపాలైనా ఓర్చుకునేది కానీ, చచ్చిపోయిన మనిషి ఏం జవాబు చెప్పుకోగలడు? ఆ ఆలోచన రాగానే లేచి, చెప్పులు కూడా మార్చుకోకుండా దేవుడింటికి నడిచింది.

సోలేన్ సామాను సర్దుకుంటోంది.

“అమ్మాయ్, రేపు ఒక్కరోజు పొరబడ్డానని చెప్పు. సోమవారం నుంచి నీ ఇష్టం, నిజమే చెప్పుకో. రేపు ఒక్కరోజు.”

“చెప్పలేనండీ” అంది సోలేన్. ఆ మాట అనడానికి ఆమెకి కష్టంగానే ఉంది. “చెప్పినా ఎవరూ నమ్మరు, ఆ నీళ్ళ చప్పుడు ఫిర్మాన్ గారు కూడా విన్నారు. కానీ నేను మొన్న సగమే చెప్పాను. మీరు వినకుండా వెళ్ళిపోయారు. ఒక్కసారి ఇటు రండి. ఇక్కడ పడుకోండి.”

“ఎక్కడ? కోర్బేల గూట్లోనా? చచ్చినా పడుకోను.”

“ఎవరూ చూడట్లేదు. పడుకోండి.”

ఆర్లెత్ అటూ ఇటూ చూసి, తిట్టుకుంటూ పడుకుంది. వీపు కింద రాయి చల్లగా తగిలింది.

“తల కదపకుండా చెప్పండి, ఏం కనిపిస్తోంది?”

కమాను కనిపిస్తోంది. దాని అవతల ప్రార్థనామందిరంలో బలిపీఠం ఉండే చోటు తిన్నగా కంటికి ఎదురుగా ఉంది.

“ప్రతి గూడూ ఇంతేనండీ. గోడలోకి తిన్నగా తవ్వలేదు, ఒక పక్కకి ఏటవాలుగా చెక్కారు. లేవలేని మనిషి తల తిప్పకుండానే బలిపీఠం మీది దీపం చూడాలని. మీ మూల గదిలోంచి మాత్రం అది కనిపించదు. అందుకే నాకు మొదట అనుమానం వచ్చింది. మఠం పెద్ద బలిపీఠం కనిపించని చోట కూర్చోడు కదా.”

“ఇది చెప్పడానికా నన్ను పడుకోబెట్టావు?”

“కాదు. ఇప్పుడు లేవండి. మీకు ఒంట్లో బాలేదనుకోండి, నెలల తర్వాత మొదటిసారి మంచం దిగారనుకోండి. కళ్ళు మూసుకుని గోడ పట్టుకోండి.”

ఆర్లెత్ చెయ్యి తడిమింది. నడుం కంటే కాస్త ఎత్తులో, గోడ పొడుగునా సాగే రాతి గట్టు తగిలింది. పండుగనాడు అందరూ గిన్నెలు పెట్టుకునేది దాని మీదే. అంతకు మించి దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. దాని పైఅంచు గుండ్రంగా, సబ్బుబిళ్ళ అరిగినట్టు నున్నగా ఉంది. వేళ్ళు వాటంతటవే దాన్ని పట్టుకున్నాయి. అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. గూడు దగ్గర గట్టు ఆగలేదు, స్తంభం దగ్గర ఆగలేదు, మలుపు దగ్గర గోడతో పాటు తనూ తిరిగింది. చెయ్యి ఆగిన చోట కళ్ళు తెరిచి చూస్తే పెద్దాసనం ముందుంది.

“గిన్నెల కోసం చెక్కింది కాదండీ. చేతుల కోసం” అంది సోలేన్. “అన్ని గూళ్ళ నుంచీ ఇది ఇక్కడికే వస్తుంది. ఇంకెక్కడికీ వెళ్ళదు. లేవలేని వాళ్ళకి మంచం దగ్గరికే కుండ తెచ్చి పెట్టేవారు. తమంతట తాము నడిచి ఇక్కడిదాకా రాగలిగారంటే, నయమవుతున్నట్టు. ఈ రాళ్ళు చూశారా? మందిరంలో రాళ్ళ కంటే బాగా చెక్కారు. సందులో నా గోరు కూడా దూరదు. గాలి కోసం కిటికీ, వాసన హాల్లోకి పోకుండా మలుపు, కింద వాగుని మళ్ళించి తెచ్చిన కాలువ. ఈ కట్టడం మొత్తంలో ఎక్కువ బుర్ర పెట్టి కట్టింది ఈ మూలే.”

 ఆర్లెత్ కళ్ళ ముందు తన ఇంట్లోని ఇంకొక గోడ ఉంది.

పక్షవాతం వచ్చాక అన్సెల్మ్ అన్నిటికీ ఒప్పుకున్నాడు, చెంచాతో తినిపిస్తే తిన్నాడు, మీసం దువ్వితే దువ్వించుకున్నాడు. మరుగుదొడ్డికి మాత్రం కూతురు తీసుకెళ్తే మొహం గోడకి తిప్పుకుని ఏడ్చేవాడు. “నాన్నా, నన్ను పెంచినప్పుడు నువ్వు చెయ్యలేదా?” అంటే ఇంకా ఏడ్చేవాడు. అలా ఓ వేసవి, ఓ చలికాలం గడిచాక ఒకరోజు మంచం ఖాళీగా కనిపించింది. ఆర్లెత్ గుండె జారిపోయి ఇల్లంతా వెతుకుతుంటే, బాత్రూమ్ లోపల నుంచి ఆయన గొంతు వినపడింది. “ఆర్లెత్! నేనే వచ్చానే! ఎవరూ పట్టుకోలేదు!” ఆ సాయంత్రం తండ్రీకూతుళ్ళిద్దరూ దాచుకున్న మంచి సీసా తీసి తాగారు. ఆ తర్వాత ఆయన రెండేళ్ళు బతికాడు. పెద్దాసనం మీద కూర్చున్నప్పుడు కూడా ఆ రోజంత గర్వం ఆయన మొహంలో ఆవిడెప్పుడూ చూడలేదు.

ఆర్లెత్ ఆసనం అంచున కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. సోలేన్ గాభరాపడి నీళ్ళ సీసా అందించింది. నీళ్ళు తాగుతూ మధ్యలో ఆర్లెత్‌కి నవ్వొచ్చి పొలమారింది.

“పిచ్చి పిల్లా, ఇదంతా గురువారమే చెప్పకూడదుటే?”

“చెప్పేలోపు బకెట్టు విసిరారు కదండీ.”

ఆదివారం ఎండ బాగా కాసింది. దేవుడింట్లో కళాయిలు పొగలు కక్కుతున్నాయి. గుమ్మడీ, ఉల్లికాడలూ, పొగబెట్టిన పంది మాంసం కలిసిన వాసన వాగు దాటి పోతోంది. ఎవరి గూళ్ళలో వాళ్ళు చేరారు. గట్టు పొడుగునా గిన్నెలు పరిచారు. మేయరమ్మ మెట్ల మీద గిన్నెతో సిద్ధంగా ఉంది. ఆర్లెత్ రాదని సగం ఊరు అనుకుంది, వస్తే చూద్దామని మిగతా సగం మెడలు సాచింది.

ఆర్లెత్ వచ్చింది. నీలం గౌను వేసుకుంది. తిన్నగా మూలకి వెళ్ళలేదు. తూర్పు చివరి గూడు దగ్గరికి పోయి, గట్టు మీద చెయ్యి వేసింది.

“మీ గిన్నె తియ్యండి.”

“ఎందుకు?”

“తియ్యమన్నానా?”

తీశారు. ఆవిడ గట్టు మీద నుంచి చెయ్యి తియ్యకుండా మెల్లిగా నడిచింది. గూడు గూడు దగ్గరా ఆగి గిన్నెలు తీయించింది. కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు, ఫిర్మాన్ తన గిన్నె నెత్తిన పెట్టుకుని దారిచ్చాడు. మలుపు తిరిగి, ఆసనం ముందు నిలబడి, దిండు తీసి పక్కన పడేసి, ఉత్త రాతి మీద కూర్చుంది. గదిలోంచి హాలు కనిపించదని గుర్తొచ్చి, లోపల్నుంచే గొంతు పెంచింది.

“నవ్వుకోవాల్సిన వాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. సూప్ తాగేటప్పుడు నవ్వితే పొలమారుతుంది.”

నవ్వారు. నవ్వాక ఆవిడ చెప్పింది. మేకల ముందు వల్లించిన మాటలు కావవి. ఆ గట్టు ఎందుకుందో చెప్పింది. మంచం మీది నుంచి ఒకరి చెయ్యి పట్టుకోకుండా ఇక్కడిదాకా రావడమంటే ఏమిటో చెప్పింది. తండ్రి సంగతి కూడా, దాచకుండా, బాత్రూమ్‌లోంచి వేసిన కేకతో సహా చెప్పింది. 

“మా నాన్న ఇది మఠం పెద్ద కూర్చున్న చోటనుకుని గర్వపడ్డాడు. పాపం, తక్కువ గర్వపడ్డాడు. ఇక్కడ కూర్చున్నది బతికి బట్టకట్టిన వాళ్ళు. అలాంటి వాళ్ళ చోట్లో కూర్చోడానికి నాకేం సిగ్గు లేదు. అంతే. గిన్నె ఇలా ఇవ్వండి.”

 గూళ్ళలో మనుషులు తమ ముందున్న గట్టుని వేళ్ళతో తడిమి చూసుకుంటున్నారు. మేయరమ్మ చేతిలోని గిన్నె తెచ్చి సోలేన్ అందించింది. ఆర్లెత్ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఆ వెచ్చదనం అరచేతుల్లోకి దిగుతుంటే, ఇన్నేళ్ళ తన కోరిక ఇదిగో అనుకుంది.

అప్పుడు రాతి మీద కర్ర చప్పుడు వినిపించింది. టక్, ఆగి, టక్. మలుపులోంచి ముందు ఒక ముడతల చెయ్యి గట్టు పట్టుకుని కనిపించింది, దాని వెనక హోర్తాన్స్. ఆమె వెనక ఫిర్మాన్ ఆమెని పట్టుకోబోతూ, చెయ్యి మీద కర్ర దెబ్బ తింటూ వస్తున్నాడు.

“ఆర్లెత్, లే” అంది హోర్తాన్స్.

“ఏంటత్తా?”

“నీ నోటితోనే అన్నావు కదే, మంచం దిగి నడిచొచ్చిన వాళ్ళ చోటని. నేను ఈ ఏడు మంచం దిగాను. నువ్వేం రోగంతో పడుకున్నావని కూర్చున్నావు? జలుబు కూడా చెయ్యలేదు నీకు. లే.”

“అమ్మా, నిన్నేగా సంతలో మనకి హక్కు లేదని—” అన్నాడు ఫిర్మాన్.

“కోర్బేలకి లేదురా. తుంటి విరిగిన వాళ్ళకి ఉంది.”

ఆర్లెత్ ఆమె వైపు చూసింది. పక్క గూట్లోంచి వచ్చిన ఆ నాలుగడుగులకే హోర్తాన్స్‌కి ఆయాసం వచ్చింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆ మొహం ఎక్కడ చూసిందో ఆర్లెత్‌కి వేరే చెప్పక్కర్లేదు. బాత్రూమ్ తలుపు తీసుకుని బయటికొచ్చిన రోజు అన్సెల్మ్ మొహం అదే. ఆవిడకి గుండె నిండిపోయింది. జన్మంతా ఎదురుచూసిన గిన్నె చేతిలో ఉంది, ఒక్క గుక్క కూడా తాగలేదు, అయినా రవ్వంత బాధ లేదు.

లేచింది. హోర్తాన్స్‌ని కూర్చోబెట్టబోతే, “పట్టుకోకు!” అని గదమాయించింది ముసలావిడ. తనే కూర్చుంది. ఆర్లెత్ గిన్నె ఆమె చేతుల్లో పెట్టింది.

హోర్తాన్స్ గిన్నె ఎత్తి, “తినండర్రా, చల్లారిపోతోంది!” అని అరిచింది. ఆ గొంతు విన్న ఎవరికీ ఆమె వయసు గుర్తురాలేదు. హాలంతా ఒక్కసారి చప్పట్లు, చెంచాల చప్పుడు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. కిందటేడు గుండె ఆపరేషన్ అయిన బడి మాస్టారు లేచి గట్టు పట్టుకుని వచ్చాడు. కాన్పు కష్టమై నెలరోజులు ఆసుపత్రిలో ఉన్న రొట్టెల కొట్టు కోడలు బిడ్డనెత్తుకుని వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాసేపు కూర్చుని, లేచి, వెనకవాళ్ళకి చోటిచ్చారు. ఫిర్మాన్ కూడా వరసలో నిలబడితే ఆర్లెత్ పట్టుకుంది.

“నీకేమైందిరా?”

“పన్ను పీకించుకున్నాను కదే.”

“పోరా, వరసలోంచి తప్పుకో.”

కూర్చోడానికి ఆర్లెత్‌కి చోటు మిగల్లేదు. ఫిర్మాన్ తమ గూట్లో కాస్త జరిగి రాతి మీద చెయ్యి తట్టాడు. పెర్నోల మనిషి కోర్బేల గూట్లో సూప్ తాగడం తుర్నెల్‌లో అదే మొదలు. ఆర్లెత్ వెళ్ళి కూర్చుంది. రొట్టె తుంచి గిన్నెలో వేసుకుంది.

“అయితే మళ్ళీ ఏడు మొదటి గిన్నె ఎవరిది?” అన్నాడు ఫిర్మాన్.

“ఎవరు జబ్బుపడి లేస్తే వాళ్ళది.”

“మరి నువ్వో? చిన్నప్పటి నుంచీ దాని కోసమే చూశావు కదే.”

ఆర్లెత్ చెంచా నోట్లో పెట్టుకుని ఆలోచించింది. మూల గది వైపు చూసింది. అక్కణ్ణించి హోర్తాన్స్ ఎవరినో తిడుతున్న గొంతు ఆరోగ్యంగా వినిపిస్తోంది.

“నాకు ఆ యోగం పట్టకుండా ఉంటేనే మంచిదిరా. పట్టిందంటే మాత్రం, గట్టు మీద నుంచి మీ గిన్నెలన్నీ తీయించి మరీ నడిచొస్తాను” అంది. “ఇంకో గరిటె వెయ్యి, ఆకలేస్తోంది.”